మేకులు దిగని తేనెనెర్రె

కర్నూలు హర్షవర్ధన్ నాకు చేసిన అన్యాయాన్ని ఊళ్ళో ఒక్కరు కూడా అన్యాయం అనడం లేదు. అదీ నా బాధ. పైగా నవ్వుతున్నారు. ఖాదర్ మొహిద్దీన్ అయితే తన ఆటో ఎక్కిన ప్రతి టూరిస్టుకూ జమ్మలమడుగు బస్టాండు నుంచి గండికోట దాకా ఇదే కథ చెబుతున్నాడు. అతని కథలో నేను కోతిని. అందుకే నేనే రాస్తున్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరాల్లో తప్పులుంటే మీరు సర్దుకోండి. జరిగినదాంట్లో తప్పులుండవు.

నా పేరు ఓబుళేశు. వయసు నలభై ఆరు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో మీకే తెలుస్తుంది.

గండికోటకు పోయే రోడ్డు మీద, కోట ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా, ఎడమ పక్క ఎర్రటి బండ ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది. దాని కింద నా టీ బంకు. ఆ బండా, దాని కిందా పైనా ఉన్న నేలా నా పట్టా. భాగాలు పంచేటప్పుడు మా నాయన అన్నకు బోరు పడిన చేను ఇచ్చి నాకు బండ ఇచ్చాడు.

"నువ్వు ఎక్కగలవు గదరా," అన్నాడు.

ఎక్కగలిగినవాడికి బండ ఇచ్చారు. బండ ఉన్నవాడికి పిల్లనెవరిస్తారో మాత్రం చెప్పకుండా పోయాడు.

ఆ బండకు నడిమధ్యన కింది నుంచి పై దాకా ఒక నెర్రె ఉంది. నూట ముప్పై అడుగులు. కింద మనిషి భుజం దూరుతుంది, పోనుపోను పిడికిలి దూరుతుంది, నూరడుగుల దగ్గర ఒకచోట మూడు వేళ్ళకు మించి దూరవు. దాని పైన బొర్రలో ఒకప్పుడు చాటంత తేనెపట్లు ఉండేవి. మా తాత, ఆయన తర్వాత మా నాయన, ఆయన తర్వాత నేను, ఆ నెర్రెలో చేతులు దూర్చి ఎక్కి తేనె దించినవాళ్ళం. ఈగలు రావడం మానేశాక నేనూ ఎక్కడం మానేశాను. పదిహేనేళ్ళయింది.

ఈగల బదులు ఇప్పుడు బెంగుళూరు నుంచీ హైదరాబాదు నుంచీ మనుషులు వస్తారు. చలికాలం మొదలైతే చాలు, తాళ్ళూ సంచులూ మోసుకుని దిగుతారు. నెర్రె ముందు నిలబడి, దేవుణ్ణి చూసినట్టు చూసి, "క్లాసిక్ అంకుల్ ఇది, క్లాసిక్," అంటారు. వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. ఒకాయనకు గుండె ఆపరేషన్ కూడా అయింది, అయినా వచ్చాడు. పైన ఏముంది అని పదిహేనేళ్ళుగా అడుగుతున్నాను. ఏమీ లేదు. వెనక పక్క మెట్లదారి ఉంది, మేకలు కూడా దాన్నే ఎక్కుతాయి.

వాళ్ళ పద్ధతి ఏమిటంటే బండకు మేకు కొట్టరు. పిడి నొక్కితే ముడుచుకునే ఇనుప తేళ్ళ లాంటివి ఉంటాయి. ముందు ఎక్కేవాడు వాటిని నెర్రెలో దూర్చి వదిలితే విచ్చుకుని గట్టిగా పట్టుకుంటాయి. వాటికి తాడు తగిలించుకుంటూ పోతాడు. వెనక ఎక్కేవాడు ఒక్కోటీ పీక్కుంటూ వస్తాడు. అందరూ ఎక్కేశాక చూస్తే బండ మీద మనిషి పోయిన ఆనవాలే ఉండదు. దీన్ని వాళ్ళు పెద్ద ధర్మంగా చెబుతారు. మా నాయన ఎక్కేటప్పుడు నెర్రెలో దిగగొట్టుకున్న చండ్ర చెక్క మేకులను అట్లాగే పీకేవాడని విని ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ప్రకృతిని ఎంత గౌరవించాడో అని.

మా నాయన గౌరవించింది తేనెను. మేకు వదిలేసి దిగితే వెనకాలే ఇంకొకడు ఎక్కి పట్టు కోసుకుపోతాడని భయం. అందుకని ప్రతి మేకూ లెక్కపెట్టుకుని పీకేవాడు. పెళ్ళాం పుట్టింటికి పోతే తీసుకురావడం మరిచిపోయాడు కాని, మేకు ఎన్నడూ మరిచిపోలేదు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

*

మొన్న కార్తీకం పోయాక ఒక ఆదివారం హర్షవర్ధన్ దిగాడు. కర్నూలులో సాహస పార్కు పెట్టిన భూపేష్ అనేవాడి దగ్గర మేనేజరు. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, కండలు చొక్కాలోంచి బయటికి చూస్తున్నాయి. చేతిలో డ్రిల్లింగ్ మిషను. లీజు మాట ఫోనులో ముందే అయిపోయింది. ఏడాదికి లక్ష. నా జన్మలో ఆ బండ నాకు తిండి పెడతానన్నది అదే మొదటిసారి.

"అంకుల్, కింద నుంచి పై వరకు ఇరవై రెండు బోల్టులు. వాటికి తాడు తగిలిస్తే శిన్నపిల్లలు గూడా ఎక్కొచ్చు," అన్నాడు.

పైనుంచి ఒక గొంతు వచ్చింది. "శిన్నపిల్లలు ఎక్కేకి అంగన్‌వాడీలో జారుడుబల్ల ఉండాది."

హర్షవర్ధన్ తల ఎత్తాడు. అరవై అడుగుల ఎత్తున నెర్రెలో ఒక చెయ్యీ ఒక కాలూ దూర్చి, మెడలో విజిలు వేలాడేసుకుని, మా తనూజ కిందికి చూస్తోంది. తనూజ మా అక్క రామేశ్వరమ్మ కూతురు. జమ్మలమడుగులో ఒక స్కూల్లో ఆటల టీచరు. ఆదివారం వచ్చిందంటే ఇక్కడే. తొమ్మిదేళ్ళప్పుడు ఆ నెర్రెలో పిడికిలి బిగించడం దానికి నేర్పించింది నేనే. నేను చేసిన తప్పుల్లో అది మొదటిది.

"ఎవరు మేడమ్ మీరు?"

"ఆ మిషను కింద పెట్టు, దిగొచ్చి చెప్తా."

"పనైపోతే నేనే పెడ్తా మేడమ్."

తాడు మీద సర్రున దిగింది. నేరుగా వచ్చి, మిషనులోంచి బ్యాటరీ ఊడబీకి, నా చేతిలో పెట్టింది. "మామా, దీన్ని గల్లాపెట్టెలో పెట్టి తాళమెయ్యి."

గల్లాపెట్టెలో అతను ఇచ్చిన అడ్వాన్సు ఉంది. దాని పక్కనే అతని బ్యాటరీ పెట్టాను. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. నేను ఎవరి వైపో నాకే తెలియలేదు.

"మేడమ్, అంకుల్ ఒప్పుకున్నాడు. స్థలం ఆయనది."

"స్థలం ఆయనది. దారి మా తాతది. నువ్వు ఎక్కినావా దాన్ని?"

"బెంగుళూరులో ఐదేండ్లు ట్రైనింగ్ చేసినా మేడమ్."

"యాడ? ఏసీ రూములో, రంగురంగుల ప్లాస్టిక్ గుబ్బలు పట్టుకోనా?"

హర్షవర్ధన్ చెవులు ఎర్రబడ్డాయి. తనూజ నవ్వింది. ఎదుటివాడు ఓడిపోతున్నప్పుడు అది నవ్వే నవ్వు చాలా అందంగా ఉంటుందని మా అక్క అంటుంది. ఆ నవ్వును కుర్రాడు చూడాల్సిన దానికంటే ఒక క్షణం ఎక్కువ చూశాడు. నేను గమనించాను, కాని పునుగులు మాడిపోతున్నాయి.

"సరేప్పా, పందెం," అంది తనూజ. "శివరాత్రి లోపల, మేము ఎక్కినట్ల ఎక్కు. మేకు కొట్టకుండా. నువ్వు పెట్టినవి మళ్ళీ తీసేయాల, నెర్రెలో ఒక్క ముక్క మిగలగూడదు. ఎక్కితే ఇరవై రెండు కాదు, నలభై కొట్టుకో. నేనే మిషను పట్టిస్తా."

"ఎక్కకపోతే?"

"ఆ మిషను మా మామకు పునుగుల పిండి కలిపేకి పనికొస్తాది."

అప్పటికప్పుడే ఎక్కబోయాడు. పన్నెండు అడుగులు పోయాడు. అంచులు పట్టుకుని లాగుతాడు, జారుతాడు. లాగినప్పుడల్లా తనూజ కింద నుంచి విజిలు ఊదుతుంది. మూడో విజిలుకు కింద పడ్డాడు.

"పట్టుకునేకి ఏమీ లేదు మేడమ్ ఈడ."

"పట్టుకునేది కాదప్పా. దూర్చేది."

*

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. కర్నూలు నుంచి బండి మీద మూడున్నర గంటల దారి. పొద్దున్నే దిగేవాడు, చేతులు చెక్కుకుపోయేదాకా ఎక్కేవాడు, సాయంత్రం వట్టి చేతులతో, అంటే తోలు లేని చేతులతో పోయేవాడు. తనూజ కింద తాడు పట్టుకుని కూర్చుని ఎగతాళి చేసేది.

"ఏమప్పా, నిద్రపోతాండావా పైన?"

"ఆలోచిస్తాండా మేడమ్."

"ఆలోచన తల్తో చేస్తారు. నీది మోకాలు వణుకుతాండాది."

సంక్రాంతికి ముందే వాళ్ళ మాటల్లోంచి 'మేడమ్' పోయింది. సంక్రాంతి తర్వాత 'గారు' పోయింది. అతని చేతికి గుడ్డ టేపు చుట్టేటప్పుడు ఒక చుట్టు సరిపోయే చోట తనూజ నాలుగు చుట్లు చుట్టేది. టేపు నా బంకు ఖాతాలోనే కొనేవాళ్ళం.

నాకు కావలసింది ఒకటే. అతను ఎక్కాలి, మేకులు కొట్టాలి, లక్ష రావాలి. అందుకని గురువారాలు దొంగచాటుగా రమ్మన్నాను. తనూజకు స్కూలుంటుంది. నెర్రె మొదట్లో నిలబెట్టి నేర్పించాను.

"పిడికిలి దూర్చు. ఇప్పుడు బొటనవేలు లోపలికి మడువు. చెయ్యి లావైందా?"

"ఐంది అంకుల్."

"అదే మేకు. నీ చెయ్యే నీ మేకు. కాలు అడ్డంగా పెట్టి తిప్పు. నొప్పైతాండాదా?"

"శానా."

"ఐతే సరిగ్గా పెట్టినావు."

పట్టుకున్నాడు. మా నాయన చూసుంటే మెచ్చుకునేవాడు. తొంభై అడుగుల దాకా పోయేవాడు. మూడు వేళ్ళ చోట మాత్రం రెండుసార్లు పడ్డాడు. దానికో కిటుకుంది. బయటివాళ్ళకు మేము ఎప్పుడూ చెప్పలేదు. ఎడమ పక్క, చెవి ఎత్తులో, అంచుకు అవతల బొటనవేలు పట్టేంత గుంత ఉంది. కంటికి కనిపించదు, తడిమితేనే దొరుకుతుంది. లక్ష కోసం అది కూడా చెప్పేశాను.

హర్షవర్ధన్ తన బొటనవేలు చూసుకున్నాడు. "ఆ గుంత ఎట్ల పడింది అంకుల్?"

"ఎట్ల పడేదేముంది. మా తాత బొటనవేలు, మా నాయన బొటనవేలు, నాది. ముగ్గురం ఆడనే పెట్టినాం. అరిగింది."

"రాయి అరిగిందా?"

"రాయీ అరిగింది, మేమూ అరిగినాం. టీ తాగుతావా?"

టీ చేతిలో పట్టుకుని చల్లారేదాకా పైకే చూశాడు. ఆ చూపు చూసి నేను జాగ్రత్తపడాల్సింది. పడలేదు.

*

మా దిక్కు వాన సంగతి మీకు తెలుసు. ముందు గాలి వస్తుంది, దుమ్ము లేస్తుంది, ఊరంతా ఆరేసిన మిరపకాయలు ఎత్తిపెట్టుకుంటుంది. చివరికి నాలుగు చినుకులు పడతాయి. ప్రేమ కూడా మా దిక్కు అంతే. అయితే ఆ ఆదివారం ఏదో వాయుగుండమట, నిజంగానే పడింది. బండ తడిసి నల్లబడింది. ముగ్గురం బంకు పట్ట కింద ఇరుక్కున్నాం. ఖాదర్ ఆటో ఆపి నాలుగోవాడయ్యాడు.

హర్షవర్ధన్ వారం రోజులుగా మొహం వేలాడేసుకుని ఉన్నాడు. టీ గ్లాసులోకి చూస్తూ నన్నడిగాడు. "అంకుల్, మీ పెళ్ళెప్పుడు పెట్టుకున్యారు?"

"నా పెళ్ళా? ఎవరితో?"

"తనూజతో."

తనూజ తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. ఖాదర్ ఆటో మీద పడి మరీ దగ్గాడు.

"ఎవరు చెప్పినారప్పా నీకు?" అన్నాను.

హర్షవర్ధన్ ఖాదర్ వైపు చూశాడు. ఖాదర్ వాన వైపు చూశాడు.

"నేను అబద్ధం యాడ చెప్పినా?" అన్నాడు ఖాదర్. "సీమలో పెండ్లిగాని మేనమామ ఉండగా పిల్లను బయటికిస్తారా అన్నా. వాడుక మాట అది. పిల్లోడు కర్నూలోడు గదా, నిజమనుకున్యాడు."

"మా పెద్దమ్మను మా అమ్మమ్మ తమ్మునికే ఇచ్చినారు," అన్నాడు హర్షవర్ధన్ నేల చూపులు చూస్తూ. "అందుకే అనుకున్యా. ఆయన బంకు తాళంచెవి గూడా ఆమె దగ్గరే ఉంటాది."

"మామా, నువ్వు నాకు చెప్పనే లేదే," అంది తనూజ. "చీర కొన్నావా, ల్యా?"

"నోరు ముయ్యి. దీని ముక్కు తుడిచి బడికి పంపినోణ్ణప్పా నేను. ఇప్పుటికీ నేనే తుడవాల్సినట్ల ఉండాది, చూడు ఆ టీ."

తనూజ ముక్కు తుడుచుకుంది. హర్షవర్ధన్ ఆమె వైపు చూశాడు. వారం నుంచి కమ్ముకున్న మబ్బు ఆ మొహం మీది నుంచి లేచిపోయింది. బయట మాత్రం ఇంకా పడుతూనే ఉంది.

"ఐతే నువ్వు వారం నుంచి ఏడుపు మొహం పెట్టింది దీనికా?" అంది తనూజ.

"ల్యా. చేతులు నొప్పి."

"చేతులు నొప్పైతే మా మామ పెండ్లి ఎందుకు అడిగినావు?"

అతను ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు. ఆమె విజిలు తీసి మెల్లగా ఒక్కసారి ఊదింది. తప్పు పట్టు పట్టినప్పుడు ఊదే విజిలు కాదది. అట్లా ఊదడం నేను అంతకుముందు వినలేదు.

నా గుండెలో రాయి పడింది. ప్రేమలో పడ్డవాడు డ్రిల్లింగ్ మిషను ఎట్లా పడతాడు?

*

శివరాత్రికి ముందు ఆదివారం ఆఖరి గడువు. నాకు ఆ కుర్రాడి మీద నమ్మకం లేదు. గుంత తడిమి వెతుక్కునే ఓపిక ఈ కాలపువాళ్ళకు ఎక్కడిది? అందుకని తెల్లారేటప్పటికి వెనక మెట్లదారిన పైకి పోయి, చెట్టుకు తాడు కట్టి ముప్పై అడుగులు దిగాను. మూడు వేళ్ళ చోటికి కొంచెం పైన, మా నాయన చండ్ర మేకు ఒకటి నెర్రెలో దిగగొట్టాను. చెయ్యి చాపితే అందుతుంది, పట్టుకుని లేస్తే గండం గడుస్తుంది. కింది నుంచి కనిపించకుండా ఎర్రమన్ను తడిపి పూశాను. వెనకాల తనూజ ఎక్కుతుంది కదా, చూస్తే ఏమనుకుంటుంది? తాత మరిచిపోయిన పాత మేకు అనుకుంటుంది. ఇదీ నా లెక్క.

తొమ్మిదింటికి ఎక్కడం మొదలుపెట్టాడు. మా అక్క క్యారియర్ కట్టుకుని వచ్చింది. ఖాదర్ నలుగురు టూరిస్టులను కోటకు తీసుకుపోకుండా ఇక్కడే దింపి చూడమన్నాడు.

"ఏమి ఓబుళేశూ, వాడు ఎక్కల్లా, పడల్లా?" అంది అక్క.

"ఎక్కాల."

"ఎక్కితే బండకు తూట్లు పడతాయంట గదా. నాయన కష్టం."

"నాయన కష్టం నాకు భాగంలో వచ్చిందిలే. ఊరకుండు."

ఎక్కాడు. భుజం దూర్చాడు, పిడికిలి దూర్చాడు, కాలు తిప్పాడు. ఒక్కో తేలునూ పెట్టుకుంటూ తాడు తగిలిస్తూ పోయాడు. కింద తనూజ తాడు వదులుతోంది. ఆ రోజు ఎగతాళి లేదు. విజిలు పళ్ళ మధ్య ఉంది, ఊదడం లేదు.

నూరడుగుల దగ్గర ఆగాడు. చెయ్యి పైకి చాపాడు. నా మేకు దొరికింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మేకు వంక చూశాడు. తర్వాత కిందికి, సరిగ్గా నా వంక చూశాడు. నేను ఆకాశం చూశాను. ఆ తర్వాత ఆ వెధవ ఏం చేశాడంటే, ఒక పిడికిలి మీద వేలాడుతూ, రెండో చేత్తో ఆ మేకును అటూ ఇటూ ఆడించి ఊడబీకాడు. కుక్క బొమిక పట్టుకున్నట్టు పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. కాలు ఒకటి జారింది. టూరిస్టులు కెవ్వుమన్నారు. తనూజ తాడు బిగించి వెనక్కి వాలింది. ఆమె చేతుల నరాలు నాకు కనిపించాయి.

అతను ఎడమ చెయ్యి చెవి దగ్గరకు తెచ్చి, అంచు అవతల తడిమాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి చెయ్యి ఆగిపోయింది.

నా బొటనవేలు నాకు తెలియకుండానే మడుచుకుంది.

మెల్లగా లేచాడు. పోయాడు. పైన అంచు దాటి కనిపించకుండా పోయాడు.

తనూజ వెనకాల ఎక్కింది, అతను పెట్టిన తేళ్ళన్నీ ఒక్కోటీ పీక్కుంటూ. ఆమె కూడా అంచు దాటింది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఇద్దరూ కనిపించలేదు. పైన ఏముంది, పైన ఏముంది అని పదిహేనేళ్ళుగా అడుగుతున్న నేను, ఆ ఇరవై నిమిషాల తర్వాత ఇంక అడగలేదు.

*

మెట్లదారిన దిగి వచ్చారు. తనూజ నా పునుగుల పళ్ళెం పక్కన ఆ చండ్ర మేకు పెట్టింది. దాని మీద పళ్ళ గాట్లు పడ్డాయి.

"ఇదెవరిది మామా?"

"మీ తాత మర్చిపోయింటాడు."

"తాత పెళ్ళాన్ని మర్చిపోయినాడు గానీ మేకు మర్చిపోలేదని నువ్వే గదా చెప్పింది."

అక్క నా వైపు చూసింది. "మన్ను ఇంకా తడిగా ఉండాదే," అంది. చిన్నప్పుడు నేను బెల్లం దొంగిలించినప్పుడు ఇట్లాగే చూసేది.

గల్లాపెట్టె తాళం తీసి బ్యాటరీ బయట పెట్టాను. "సరేప్పా, గెలిచినావు. ఒక్క ముక్క గూడా మిగల్లేదు. నాది గూడా మిగిలించలేదు. కొట్టుకో నీ మేకులు."

"వద్దు అంకుల్."

"ఏమి వద్దు?"

"బోల్టులుంటే వచ్చినోళ్ళు వాటిని చూసుకోని పోతారు. ఆ గుంతలో ఎవరూ వేలు పెట్టరు. నా బొటనవేలు సరిపోయింది అంకుల్ దాంట్లో. మీ తాతది నా చెయ్యంతే ఉండింటాది." జేబులోంచి ఫోను తీసి చూపించాడు. "భూపేష్‌కు పైనుంచే ఫోన్ చేసి చెప్పేసినా. లీజు వద్దని. ఉద్యోగం గూడా వద్దని."

పైన ఇరవై నిమిషాల్లో ఫోను కూడా చేశారన్నమాట. కాస్త తేలిక పడ్డాను. మరుక్షణం లక్ష గుర్తొచ్చి మళ్ళీ బరువెక్కాను.

"మరి ఏం తింటావు?"

"ఈడనే నేర్పిస్తా. మేకుల్లేకుండా ఎక్కేది. ఇప్పుటికే ముగ్గురు అడిగినారు."

"ముగ్గురా. నా పునుగులకే దినానికి ముప్పై మంది వస్తారప్పా."

"పునుగులు మీరు ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండారు గదా, మామా."

అది విన్నారా? మూడు నెలలు అంకుల్, అంకుల్ అన్నవాడు, నా లీజు పోగొట్టిన నిమిషంలో మామా అన్నాడు. ఖాదర్ తొడ చరిచాడు. తనూజ క్యారియర్ మూత తీయడానికి చాలా కష్టపడుతున్నట్టు నటించింది. ఆ మూత వదులుది.

అక్క కుర్రాణ్ణి కింది నుంచి పై దాకా చూసింది. "మీవోళ్ళు ఏమంటారు నాయనా?"

"అడిగినానమ్మా. కర్నూలులో విత్తనాల అంగడి మాది. పిల్ల ఏం చేస్తాది అని అడిగినారు. బండ మీద నన్ను పడకుండా పట్టుకుంటాదని చెప్పినా."

"నాకు ఇష్టమే. అయితే మా ఇంట్లో మేనమామ మాట లేకుండా తాంబూలం పుచ్చుకోరు. వాణ్ణి అడుక్కో."

అందరూ నా వైపు తిరిగారు. జీవితంలో మొదటిసారి నా మాటకు విలువ వచ్చింది. కాదందామనే నోరు తెరిచాను.

తనూజ నా పక్కకు వచ్చింది. "మామా, ఒకసారి నువ్వు ముందు ఎక్కు. మేము వెనకాల తీసుకుంటా వస్తాం. తర్వాత ఏమన్నా చెప్పు."

"నాకు మోకాలు నొప్పి."

"పొద్దున్నే దొంగగా దిగినప్పుడు ల్యాకపాయనే."

ఎక్కాను. అదంతా ఎందుకు రాయడం. పదిహేనేళ్ళ తర్వాత పిడికిలి దూర్చాను, అది తన చోటు తాను వెతుక్కుంది. మోకాలు ఏడ్చింది. మూడు వేళ్ళ చోట ఎడమ చెయ్యి దానంతటదే పోయింది. రాయి చల్లగా, నున్నగా ఉంది. బొటనవేలు పెట్టాను. తిట్టుకోకుండా మా నాయనను తలచుకున్నది అప్పుడే మొదటిసారి అనుకుంటా. పైన కూర్చుని చూస్తే పెన్నమ్మ లోయ కనిపిస్తుంది. తేనె దించే రోజుల్లో ఆ తొందరలో ఎప్పుడూ చూడలేదు.

దిగొచ్చి, "కానీండి," అన్నాను.

*

వైశాఖంలో పెళ్ళి. మా పద్ధతి ప్రకారం పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి ఎత్తుకుపోవాలి. ఆటల టీచరు బరువు అరవై రెండు కిలోలు. సగం దారిలో గంప ఒరిగితే హర్షవర్ధన్ పీటల మీది నుంచి లేచి వచ్చి ఒక చెయ్యి వేశాడు. పురోహితుడు కసిరాడు. తనూజ గంపలోంచి విజిలు ఊదింది. అది పట్టుచీరలోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు.

ఈలోగా భూపేష్ నేరుగా నాకే ఫోన్లు చేస్తున్నాడు. లీజు కాదు, బండను కొనేస్తానని. ప్రతిసారీ ఎక్కువ చెబుతున్నాడు. అతను ఫోన్ చేసిన ప్రతిసారీ నాకు ఆశ పుడుతుంది. నా సంగతి నాకు తెలుసు. చండ్ర మేకు దిగగొట్టినవాణ్ణి, ఏదో ఒక రోజు సరే అనేస్తాను. ఆశ పోవాలంటే నేల పోవాలి. జమ్మలమడుగు రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి, మేనమామ పెట్టుపోతల కింద తనూజ పేరున రాసిచ్చేశాను. కాగితాల మీద వేలిముద్ర వేసేటప్పుడు అక్కడివాడు బొటనవేలు గట్టిగా నొక్కమన్నాడు. నొక్కడం నాకు ఒకరు నేర్పాలా?

ఇప్పుడు శని ఆదివారాలు ఇరవై మంది నేర్చుకోవడానికి వస్తున్నారు. పునుగులు మధ్యాహ్నానికే అయిపోతున్నాయి. ఖాదర్ ఆటోలో నేను కోతినే. నెర్రెలో ఒక్క మేకు లేదు. ఇదంతా మంచిదేనని ఊరు అంటోంది. అనుకోనీ. పోయింది ఊరిది కాదు, నాది. సరిగ్గా ఎకరా ముప్పైరెండు సెంట్లు, అందులో దున్నగలిగింది పదకొండు సెంట్లు, మిగిలినదంతా మా నాయన నాకిచ్చిన రాయి.